పన్నెండు నిమిషాల పరేడ్ కోసం గంట ముందు కూర్చోవాలా?

తెనాలి_కోడలు
జూలై మూడో వారంలో షార్లెట్ నుంచి కార్లో ఒర్లాండో వెళ్తున్నాం. మేమిద్దరం, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యా మామయ్యా. డిస్నీ వాళ్ల మేజిక్ కింగ్‌డమ్‌కి ఒక్కటే రోజు కుదిరింది. ఇంట్లో గొడవ మధ్యాహ్నం పరేడ్ గురించి, అదే ఫెస్టివల్ ఆఫ్ ఫాంటసీ. పాపకి ఫ్రోజెన్ సినిమాలో ఎల్సా అంటే పిచ్చి, నాకూ చూడాలని ఉంది. మా ఆయనేమో "మనిషికి వంద డాలర్ల పైన పోసి, రోడ్డు పక్కన కూర్చుని బొమ్మలు పోతుంటే చూడ్డమేంటి? ఆ టైంలో రైడ్ల దగ్గర లైన్లు తగ్గుతాయి, బాబుని తీసుకుని నేను పోతా" అంటున్నారు. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, పావుగంట మించి నిలబడలేరు. ఎంత ముందు వెళ్లాలి, ఎక్కడ కూర్చోవాలి, అసలు అంత అవసరమా? ఇంకో టెన్షన్ కూడా ఉంది. అందులో మంటలు కక్కే డ్రాగన్ వస్తుందట. మా పాప మిక్సీ వేస్తేనే ఏడుస్తుంది.

లెక్కల_మాస్టారు
మీ ఆయన చెప్పింది కరెక్ట్. పరేడ్ మన ముందు నుంచి పోయేది పన్నెండు నిమిషాలు. దానికి గంట ముందు చాప వేసుకుని కూర్చుంటే ఆ గంటలో రెండు రైడ్లు ఎక్కొచ్చు. మేం రెండుసార్లు వెళ్లాం, రెండుసార్లూ పరేడ్ చూడలేదు, ఏమీ కోల్పోలేదు.

గోదారి_గట్టు
చూడనివాళ్లకి ఏం కోల్పోయారో ఎలా తెలుస్తుంది మాస్టారూ?

ఒర్లాండో_బాబాయ్
నేను ఇక్కడే ఉంటాను, చుట్టాలు వచ్చినప్పుడల్లా తీసుకెళ్తాను కాబట్టి కాస్త వివరంగా చెప్తా. మామూలుగా రోజుకి రెండుసార్లు ఉంటుంది, ఎక్కువగా పన్నెండుకి ఒకటి, మూడింటికి ఒకటి. టైం మారుతుంటుంది కాబట్టి ఆ రోజు యాప్‌లో చూసుకోండి. ఫ్రాంటియర్‌ల్యాండ్‌లో మొదలై, లిబర్టీ స్క్వేర్ మీదుగా కోట ముందుకి వచ్చి, మెయిన్ స్ట్రీట్ అంతా దిగి, గేటు దగ్గర టౌన్ స్క్వేర్‌లో అయిపోతుంది. మొదలయ్యే చోట చూస్తే త్వరగా అయిపోయి రైడ్లకి పోవచ్చు. కాకపోతే 2025 జూలైలో అక్కడి నది మూసేసి కొత్త కట్టడాలు మొదలుపెట్టారు, మునుపటంత అందంగా లేదు.

మీ అత్తయ్య గారికి మాత్రం టౌన్ స్క్వేరే. గేటు దగ్గర చక్రాల కుర్చీ అద్దెకి దొరుకుతుంది. చక్రాల కుర్చీ వాళ్లకి అక్కడ విడిగా చోటు ఉంటుంది, సిబ్బందిని అడగండి. అది కూడా నిండిపోతుంది, నలభై నిమిషాల ముందైనా ఉండాలి. మెయిన్ స్ట్రీట్‌లో కూర్చోవాలంటే కోటకి ఎదురుగా నిలబడి చూసినప్పుడు ఎడమ చేతి వైపు ఎంచుకోండి. మూడింటి ఆటకి అటువైపు భవనాల నీడ కొంచెం పడుతుంది. పన్నెండింటి ఆటకి ఎటు కూర్చున్నా మాడిపోవడమే.

ఇంకొకటి, రాసి పెట్టుకోండి. పరేడ్ వచ్చే ముందు తాళ్లు కట్టేస్తారు. అటు పక్క ఉన్నవాళ్లు అటే, ఇటు పక్క ఉన్నవాళ్లు ఇటే. బాత్రూం పని, పాప్‌కార్న్ పని అంతా ముందే కానివ్వండి.

తెనాలి_కోడలు
చాలా థాంక్స్ బాబాయ్ గారూ. ఎడమ చేతి వైపు, నలభై నిమిషాలు, రాసుకున్నా. ఎల్సా ఎప్పుడొస్తుంది?

ఒర్లాండో_బాబాయ్
మొదటి శకటంలోనే. సిండరెల్లా, బెల్, టియానా అంతా ఒకే బండి మీద ఉంటారు, ఆ బండి వెనక భాగంలో ఆనా, ఎల్సా. చాలామంది ముందున్న రాకుమార్తెల ఫోటోలు తీసుకుని ఫోన్ దించేస్తారు, ఈలోపు ఎల్సా వెళ్లిపోతుంది.

పగలే_వెన్నెల
సరిగ్గా నాకు జరిగింది ఇదే. నా ఫోన్‌లో ఎల్సా వీపు మాత్రమే ఉంది. మా అమ్మాయి ఇప్పటికీ దెప్పుతుంది.

శేషాచలం_నాని
బాబాయ్ తాళ్లు అంటుంటే నాకు బ్రహ్మోత్సవాలే గుర్తొచ్చాయి. గరుడ సేవ రాత్రి అయితే పొద్దున్నుంచే మాడ వీధుల గ్యాలరీల్లో జనం కూర్చుంటారు. ఎండకి ఎండి, వానకి తడిసి, పక్కవాళ్ల చక్కిలాలు తిని, పక్కవాళ్ల పిల్లలని ఆడించి, రాత్రికి స్వామి మన ముందు నుంచి వెళ్లేది ఎంతసేపు? అక్కడ ఎవరైనా "దీనికోసం ఇంతసేపా" అన్నారా? తెనాలి అక్కా, మీ అత్తయ్యకి ఇలా చెప్పండి: ముందు కోలాటాలు, వేషాలు, నాట్యాలు వస్తాయి, చివర్లో అసలు వాహనం వస్తుంది. ఆవిడే గంటన్నర ముందు వెళ్లి కూర్చుంటారు.

లెక్కల_మాస్టారు
స్వామిని తీసుకొచ్చి ఎలుకతో పోల్చారు. బాగుంది.

శేషాచలం_నాని
ఎలుక ఎవరి వాహనమో మీకు తెలుసుగా మాస్టారూ 🙂

గోదారి_గట్టు
😂😂 మాస్టారు అవుట్.

మిరపకాయ_బజ్జీ
పరేడ్ మీద నాకేం కోపం లేదు. నా కోపమంతా జనం మీద. పోయిన ఏడాది వేరే పార్కులో (పేరొద్దు) ముందు వరసలో ముప్పావుగంట కూర్చున్నాం. పరేడ్ మొదలయ్యాక ఒకాయన వచ్చి మా ముందు నిలబడి కొడుకుని భుజాల మీద ఎక్కించుకున్నాడు. పక్కావిడ ఐప్యాడ్ నెత్తి మీద పెట్టింది. ఆ ఐప్యాడ్ స్క్రీన్‌లోనే నేను సగం పరేడ్ చూశా. చెప్పడానికి బాధగా ఉంది కానీ ఇద్దరూ తెలుగువాళ్లే. "ఏమండీ" అంటే "ఒక్క నిమిషం అండీ" అన్నారు.

పగలే_వెన్నెల
దుప్పట్ల గురించి చెప్పలేదు మీరు. ఒక అమ్మమ్మని కూర్చోబెట్టి, ఆరడుగుల దుప్పటి పరిచి, పన్నెండు మంది రైడ్లకి పోతారు. అమ్మమ్మ అందరితో "మా వాళ్లు వస్తున్నారు, వస్తున్నారు" అంటూ ఉంటుంది. రైలు బోగీలో కిటికీలోంచి తువ్వాలు వేసిన జాతి మనది.

ఒర్లాండో_బాబాయ్
మనవాళ్లు ఒక్కళ్లే కాదులెండి, బ్రెజిల్ వాళ్లు, టెక్సాస్ వాళ్లు అందరూ చేస్తారు. మరీ ఎక్కువ చోటు ఆక్రమిస్తే సిబ్బంది వచ్చి జరగమంటారు. సెల్ఫీ కర్రలు 2015 నుంచి లోపలికి రానివ్వరు, అదొక హాయి.

టోక్యో_తెలుగోడు
జపాన్ డిస్నీలాండ్‌లో ఈ గొడవ చాలా తక్కువ. ముందు వరసల వాళ్లు కింద చిన్న షీట్ వేసుకుని కూర్చోవాల్సిందే, వెనకవాళ్లు నిలబడతారు. అందరికీ కనబడుతుంది. షీట్ కూడా మనిషికి సరిపడా పరుచుకుంటారు, పొలం గట్టులా కాదు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను అలవాటుగా మా బాబుని భుజాల మీద ఎక్కించుకున్నా. వెనకున్న పెద్దావిడ ఏమీ అనలేదు, తల వంచి నవ్వింది. ఆ నవ్వుకే సిగ్గేసి దించేశా.

ఇంకో విషయం. అమెరికాలో ఆగిపోయిందని జనం ఏడుస్తుంటారే, ఆ లైట్ల పరేడ్, ఎలక్ట్రికల్ పరేడ్, దాని జపాన్ రూపం 2001 నుంచి ఇక్కడ రాత్రిపూట నడుస్తూనే ఉంది. చూడాలంటే టోక్యో రండి.

టేపురికార్డర్
ఆ పరేడ్ ఊసెత్తారు కాబట్టి నన్ను ఎవరూ ఆపొద్దు. మొదట వచ్చింది 1972 జూన్ 17న, కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో. 1971 అక్టోబరులో ఫ్లోరిడా పార్కు తెరిచిన కొత్తలో అక్కడి చెరువులో పడవల మీద లైట్ల బొమ్మలు పెట్టి తిప్పారు, ఆ ఆలోచనే రోడ్డు మీదకి ఎక్కింది. దాని పాట 1967 నాటి సింథసైజర్ ముక్క. ఒకసారి వింటే వారం రోజులు చెవిలోంచి పోదు.

అసలు గమ్మత్తు పాటలో కాదు, పాట వినిపించే పద్ధతిలో ఉంది. ఒక శకటం మీద ఒక పాట, వెనక శకటం మీద ఇంకో పాట. మన ఊళ్లో వినాయక నిమజ్జనంలో రెండు డీజే బండ్లు పక్కపక్కన వస్తే ఏమవుతుందో తెలుసుగా? అక్కడ అలా కాదు. వీధి పొడుగునా ఉన్న స్పీకర్లని భాగాలుగా విడగొడతారు. ఏ బండి ఏ భాగంలోకి వస్తే ఆ బండి పాట అక్కడి స్పీకర్లలోకి వస్తుంది. బండ్లన్నిటి పాటలూ ఒకే తాళానికి కట్టి ఉంటాయి కాబట్టి ఒకటి తగ్గి ఇంకోటి పెరుగుతున్నా తేడా రాదు. ఈసారి కళ్లు మూసుకుని వినండి.

గోదారి_గట్టు
టికెట్ కొని వెళ్లి కళ్లు మూసుకోమంటున్నాడు. మాస్టారి లెక్క ఇంకా తప్పుతుంది.

ఒర్లాండో_బాబాయ్
టేపురికార్డర్ గారికి మంచి వార్త: ఆ పరేడ్ 2016 అక్టోబరులో ఇక్కడ ఆగాక రోజువారీ రాత్రి పరేడ్ లేకుండా చాలా ఏళ్లు గడిచాయి. 2025 జూలై 20 నుంచి స్టార్‌లైట్ అని కొత్తది పెట్టారు. మొదట నీలం దేవకన్య వస్తుంది, ఆవిడ గౌను మీద వెలుగు చూడాల్సిందే. తెనాలి గారూ, రాత్రి దాకా ఉండగలిగితే ఎండ గొడవ ఉండదు. పాప మెలకువగా ఉంటుందా అనేదే ప్రశ్న.

తెనాలి_కోడలు
తొమ్మిదికల్లా పడిపోతుంది. మామయ్య అంతకంటే ముందే. మధ్యాహ్నమే మాకు దిక్కు. డ్రాగన్ సంగతి ఎవరూ చెప్పలేదు.

పల్నాటి_పిల్ల
చూశాను, చాలా పెద్దది. యాభై మూడు అడుగుల పొడవు, ఇరవై ఆరు అడుగుల ఎత్తు. ఇనుప ముక్కలు, చక్రాలు బయటికి కనిపించేలా చేశారు, రెక్కలు కదుల్తాయి, నోట్లోంచి నిప్పు. మా చిన్నోడు ఏడవలేదు కానీ నా చున్నీలోకి దూరాడు. ఫోన్‌లో ముందే ఒక వీడియో చూపించండి, ఇది వస్తుంది, ఇలా అంటుంది, వెళ్లిపోతుంది అని. ముందే తెలిస్తే భయం సగం తగ్గుతుంది.

మిరపకాయ_బజ్జీ
అది ఒకసారి నిజంగానే తగలబడింది కదా?

పల్నాటి_పిల్ల
అవును, 2018 మే 11న. పరేడ్ మధ్యలో తలకి నిప్పంటుకుంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, సిబ్బంది ఆర్పేశారు. తర్వాత కొన్నాళ్లు మంట లేకుండానే తిప్పారు.

శేషాచలం_నాని
మన రావణాసురుడు ప్రతి దసరాకీ తగలబడతాడు, వార్తే కాదు.

అట్ట_ఏనుగు
ఇన్నాళ్లు చదువుతూ ఊరుకున్నా, ఇప్పుడు రాయాలనిపించింది. డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఇండియాలో ఒక పార్కులో ఏనుగు వేషం వేశాను. పార్కు పేరు చెప్పను. రోజుకి నాలుగుసార్లు ఊరేగింపు. అందరూ ఏనుగు కళ్లలోకి చూసి నవ్వుతారు. నేను చూసేది నోటి దగ్గర ఉన్న జాలీలోంచి. అందులోంచి ఎదుటివాళ్ల నడుము నుంచి మోకాళ్ల దాకా కనిపిస్తుంది, అంతే. మీ పిల్ల మొహం నాకు కనపడాలంటే నేను వెనక్కి వంగాలి. అందుకే బొమ్మలన్నీ అలా వెనక్కి ఊగుతూ ఉంటాయి, ముద్దుగా ఉండాలని కాదు.

లోపల తల భాగంలో చిన్న ఫ్యాన్ ఉండేది. మొదటి నెల తిరిగింది. ఏప్రిల్లో మధ్యాహ్నం ఆటకి లోపలికి దిగితే ఇడ్లీ పాత్రే. పక్కన ఒక కుర్రాడు మామూలు బట్టల్లో నడుస్తూ ఉంటాడు, అతనే నా కళ్లు. భుజం మీద ఒకసారి తడితే మెట్టు, రెండుసార్లు తడితే పసిపిల్ల, మూడుసార్లు తడితే కాలేజీ కుర్రాళ్లు. మూడుసార్లకి తోక వెంటనే చేత్తో పట్టుకునేవాణ్ణి. వాళ్లు లాగేది తోకే. వీపు మీద గుద్దినవాళ్లు కూడా ఉన్నారు, లోపల మనిషి ఉన్నాడా లేదా అని పరీక్ష. ఉన్నాడు, నోరు తెరవకూడదు కాబట్టి తిట్టలేదు.

ఒకసారి ఒక పాప నా తొండం పట్టుకుని "నువ్వు అన్నం తిన్నావా" అని అడిగింది. తల అడ్డంగా ఊపాను. పరుగున పోయి వాళ్లమ్మ దగ్గర నుంచి అరటిపండు తెచ్చి నోటి జాలీలో దూర్చింది. ఆ సాయంత్రం దాకా అరటిపండు వాసనే.

మాస్టారూ, పన్నెండు నిమిషాలంటే చూసేవాళ్లకి తక్కువే. లోపల ఉన్నవాడిని అడగండి.

గోదారి_గట్టు
అన్నా, అరటిపండు తిన్నావా లేదా?

అట్ట_ఏనుగు
తల తీశాక తిన్నాను. గుజ్జులా ఉంది, అయినా తిన్నాను.

లెక్కల_మాస్టారు
ఏనుగు గారూ, మీ మాట ఒప్పుకుంటున్నా. తోకలు లాగిన కాలేజీ కుర్రాళ్లలో నేనూ ఒకణ్ణి అయ్యుండొచ్చు, ఆ వయసులో చేసిన పనే అది. రైడ్ల విషయంలో మాత్రం నా లెక్క మారదు.

ఓల్డ్‌సిటీ_భాయ్
ఇదంతా సరే, మనకెందుకు లేదు ఇలాంటిది? రామోజీ ఫిల్మ్ సిటీ 1996 నుంచి ఉంది, పదహారు వందల ఎకరాల పైన, గిన్నిస్ రికార్డు కూడా. పండగ సీజన్లో కార్నివాల్ పరేడ్ పెడతారు, బాగుంటుంది, జోకర్లు, డాన్సర్లు, పొడుగు కాళ్ల మనుషులు. కానీ మన సినిమా పాత్రలతో ఊరేగింపు? ఇంత సినిమా పిచ్చి ఉన్న జనానికి అదొక్కటి లేదు.

మిరపకాయ_బజ్జీ
పెడితే ఎవరి హీరో బండి ముందు రావాలని తలలు పగులుతాయి. మొదటి బండి పోయాక రెండో బండి ఫ్యాన్స్ కాగితాలు చల్లి పాలాభిషేకం చేస్తారు, మూడో బండి జారిపోతుంది.

ఓల్డ్‌సిటీ_భాయ్
అందుకే హీరోలు వద్దు, పాత్రలు చాలు. మాయాబజార్ ఘటోత్కచుడు ఒక్కడు చాలడా? బండి మీద లడ్డూల గుట్ట, గదతో ఆయన, వెనక లంబు జంబులు. గిల్పం, గింబళి పరుచుకుంటూ రావాలి.

పగలే_వెన్నెల
వీరతాడు ఎవరికి వేస్తారు 😂 ముందు వరసలో ఐప్యాడ్ ఆవిడకేనా?

శేషాచలం_నాని
లేదంటారేంటి భాయ్. తిరుపతి గంగజాతరలో వారం రోజులు ఊరంతా వేషాలే, బైరాగి వేషం, బండ వేషం, దొర వేషం, మాతంగి వేషం. టికెట్ లేదు, తాడు లేదు, వేషం వేసినవాడు నీ గుమ్మంలోకే వస్తాడు. కాకపోతే వాళ్లు నీకు చెయ్యి ఊపరు, బండ బూతులు తిడతారు. అదీ మొక్కే.

లెక్కల_మాస్టారు
అలాంటి పరేడ్ అయితే వస్తాను.

బర్మింగ్‌హామ్_సుబ్బు
మళ్లీ ప్రశ్నకి వద్దాం. తొమ్మిదేళ్ల బాబుకి ఎల్సా నచ్చకపోవచ్చు. పక్కనే యూనివర్సల్‌లో 2024 జూలై 3న మెగా మూవీ పరేడ్ అని మొదలైంది, డైనోసార్లు, సొరచేప, దెయ్యాలు పట్టేవాళ్ల కారు, మినియన్లు. మా వాడు దానికే పడిపోయాడు. వెళ్లే రోజు ఉందో లేదో చూసుకుని వెళ్లండి.

తెనాలి_కోడలు
యూనివర్సల్ ఈసారి లేదండీ, బడ్జెట్ దాటింది. వాన పడితే ఏం చేస్తారు?

ఒర్లాండో_బాబాయ్
జూలైలో మధ్యాహ్నం వాన పడటం ఇక్కడ రోజూ ఉండేదే. ఉరుములుంటే ఆపేస్తారు, మామూలు వానైతే రెండు మూడు బండ్లతో చిన్న ఊరేగింపు పంపిస్తారు. అందుకే వీలైతే పన్నెండింటిది చూడమంటాను, ఎండ భరించగలిగితే. తిండి బయటి నుంచి తెచ్చుకోవచ్చు, గాజు సీసాలు మాత్రం వద్దు. కౌంటర్లలో అడిగితే ఐస్ నీళ్లు ఉచితంగా ఇస్తారు. నీళ్ల సీసా నాలుగైదు డాలర్లు పెట్టి కొనకండి. పాప అంతసేపు నడవలేదు కాబట్టి స్ట్రోలర్ ఉండాలి. పిల్లల్ని కూర్చోబెట్టి లాక్కెళ్లే వ్యాగన్లు 2019 నుంచి రానివ్వట్లేదు.

తెనాలి_కోడలు
వెళ్లొచ్చాం. ఇన్ని సలహాలిచ్చారు కాబట్టి రిపోర్టు.

పన్నెండింటి ఆటకే వెళ్లాం. అత్తయ్య చక్రాల కుర్చీ ఎక్కనని ముందు మొండికేశారు, "నేనేమన్నా రోగినా" అని. మామయ్య "గరుడ సేవకి గ్యాలరీ పాస్ అనుకో" అన్నాక ఎక్కారు (శేషాచలం నాని గారూ, మీ ముక్క ముందు రోజు రాత్రే చదివి వినిపించా). టౌన్ స్క్వేర్‌లో చోటు దొరికింది. ముప్పావుగంట ముందే. మా ఆయన అన్నట్టే బాబుని తీసుకుని రైడ్‌కి పోయారు, "ఆ పన్నెండు నిమిషాల్లో ఒకటి కొట్టేసి వస్తాం" అని.

పదకొండున్నరకి పులిహోర డబ్బా తీశాం. మొదటి బండి వచ్చేసరికి పాప చేతులనిండా పసుపు. ఫోన్ దించలేదు, బాబాయ్ చెప్పినట్టు వెనక వైపు కోసం ఆగాను. ఎల్సా వచ్చింది, పాప ఆ పసుపు చెయ్యే ఊపింది, ఎల్సా తిరిగి చూసి ఊపింది. వీడియో ఉంది. వెన్నెల గారూ, మొహమే పడింది.

డ్రాగన్ వచ్చినప్పుడు నేనే గట్టిగా పట్టుకున్నా. పాప చూసి "మిక్సీ అంత సౌండ్ లేదు" అంది.

ఇంతలో ఫోన్. "మేం నీకు ఎదురుగానే ఉన్నాం" అంటున్నారు మా ఆయన. చూస్తే రోడ్డుకి అవతల, తాడు వెనక, బాబు పక్కన. రైడ్ ఆగిపోయిందట, సరేలే వచ్చేద్దామని వస్తే అప్పటికే తాళ్లు కట్టేశారు. బాబాయ్ రాసి పెట్టుకోమన్నది నేను రాసుకున్నాను, ఆయన రాసుకోలేదు. మొత్తం పరేడ్ నిలబడి చూశారు, ఎండలో. బండికీ బండికీ మధ్య ఖాళీలో నేను పులిహోర డబ్బా ఎత్తి చూపించా.

చివర్లో మిక్కీ గాలి ఓడ మీద వచ్చాడు. అత్తయ్య కుర్చీలోంచి సగం లేచి రెండు చేతులూ జోడించారు. "అసలాయన చివర వస్తాడని చెప్పారుగా" అన్నారు.

శేషాచలం_నాని
😭😭 ఇది ఫ్రేము కట్టించాలి.

లెక్కల_మాస్టారు
రైడ్ ఆగిపోవడం లెక్కలో వేసుకోలేదు. సగం మార్కులు.

అట్ట_ఏనుగు
ఎల్సా వేషం అమ్మాయికి మొహం బయటే ఉంటుంది కాబట్టి పాప నిజంగానే కనపడి ఉంటుంది. పసుపు చెయ్యి మరీనూ.

గోదారి_గట్టు
అక్కా, గేటు దగ్గర సంచి చూసినప్పుడు పులిహోరని ఏమీ అనలేదా?

తెనాలి_కోడలు
ఏంటిదని అడిగాడు. లెమన్ రైస్ అన్నా. చింతపండు పులిహోర అని మొదలుపెడితే పన్నెండింటి ఆట దాటిపోయేది.